ఎండ బిళ్ళ

మా గుడారం గుండ్రం, నడినెత్తిన కిటికీ.
తూనో అంటాం దాన్ని.
పొయ్యి గొట్టం పోగా మిగిలిన సందులకి
మా ఆయన అద్దాలు బిగించాడు,
రెండు గొర్రెల ఖరీదు.
ఆనాటి నుంచీ మంచు లోపలికి రాలేదు.
ఎండ మాత్రం వచ్చేది,
మూకుడంత బిళ్ళ.
పొద్దున పడమటి గోడ మీద,
మధ్యాహ్నం ఉత్తరాన దేవుడి పెట్టె మీద,
సాయంత్రం తూర్పున గిన్నెల మీద.
మా అత్త దెజిద్‌కి అదే గడియారం.

నేను బిడ్డని దాని వెంట జరిపేదాన్ని.
గొర్రెతోలులో చుట్టి తాడు కట్టిన మూట,
ముక్కూ కళ్ళే బయటికి.
బిళ్ళ జానెడు జరిగితే మూటా జానెడు.
బయట మైనస్ ముప్పై.
ఉలాన్‌బాతర్ మీద బొగ్గు పొగ
పాల మీద మీగడ కట్టినట్టు.
ఆ బొగ్గులో కొంత నేనమ్మిందే,
రోడ్డు పక్కన, సంచుల లెక్కన.
పోనీలే, ఇంట్లో ఎండ ఉంది కదా అనుకున్నాను.

రెండో చలికాలానికి లేచి నిలబడింది.
రెండు మోకాళ్ళ మధ్య
కుక్కపిల్ల దూరేంత ఖాళీ.
గుర్రమెక్కడానికి పుట్టిన కాళ్ళు అని
పొరుగాయన నవ్వాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒద్వాల్ డాక్టరమ్మ నవ్వలేదు.
చొక్కా ఎత్తి
పక్కటెముకల మీద వేళ్ళు నడిపింది,
కణుపు కణుపు దగ్గరా ఆగుతూ,
మా అత్త జపమాల తిప్పినట్టు.
మణికట్టు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తింది:
ఎముక కొస గిన్నెలా పల్లమై,
అంచు అరిగిన చీపురులా.

"ఎండ తగులుతుందా పిల్లకి?"
నాకు ఒళ్ళు మండింది.
బిళ్ళ సంగతి చెప్పాను,
రెండు చలికాలాలు జరిపిన సంగతి.
ఆమె పెన్ను కింద పెట్టింది.
"పైన ఏముంది, అద్దమా?"
"అద్దమే. మంచిది. రెండు గొర్రెలు."
గదిలో ఎవరి పిల్లాడో దగ్గాడు.
అద్దం వెలుగుని రానిస్తుంది,
వెచ్చదనాన్నీ రానిస్తుంది,
ఎముకకి కావలసిన పిడికెడు తిండిని మాత్రం
గుమ్మంలోనే ఆపేస్తుంది, అంది
నా ముఖం చూడకుండా.

ఇంటికొచ్చి పైకి చూస్తూ కూర్చున్నాను.
ఎంత శుభ్రంగా తుడిచేదాన్నో.

మా మామ వదిలిపోయిన తోలుసంచీలో
గొర్రెల చీలమండ ఎముకలు, నలభై మూడు.
విసిరితే గుర్రమో ఒంటెో
గొర్రెో మేకో పడాలి, అదీ ఆట.
ఒకటి గుప్పిట్లో బిగించాను.
చల్లగా, రాయికి అన్నలా ఉంది.
ఆ గొర్రెలు ఏ డాక్టర్నీ చూడలేదు,
వేసవంతా ఆకాశం కింద నిలబడ్డాయి, అంతే.
మంచు కరువులో మంద చచ్చాక
మేమే ఇక్కడికొచ్చి
పొగ కింద కూర్చున్నాం.

రోజూ చెంచాలో మందు చుక్కలు.
చేప వాసన. ఉమ్మేస్తుంది.
ఉమ్మింది వేలితో తీసి మళ్ళీ పెడతాను.

ఏప్రిల్‌లో ఒకరోజు గాలి ఆగింది.
బొగ్గు సంచుల మీద దుప్పటి పరిచి
కాళ్ళూ చేతులూ బట్ట లేకుండా కూర్చోబెట్టాను.
చలి, దిష్టి, ఊరంతా చూస్తుంది, అని అత్త గొణిగింది.
ఊరు చూసింది. చూడనీ.

ఖొంగొర్‌జుల్, ముళ్ళపువ్వు పేరు దానిది,
నాలుగెముకలు విసిరింది.
రెండు మేకలు, ఒక ఒంటె,
నాలుగోది దొర్లి కంచె దాకా పోయింది.
దానికోసం లేచింది.
ఊగుతూ, పక్కలకి ఒరుగుతూ,
వెనకే దాని నీడ, అదీ వంకరే.
బిళ్ళ కింద పడుకోబెట్టిన రోజుల్లో
దానికి నీడ ఉండేదో లేదో
నేనెప్పుడూ చూడలేదు.

కాళ్ళు చక్కబడతాయా అంటే
చూద్దాం అంది డాక్టరమ్మ, ఇంకా చిన్నదే కదా అంది.

కంచె దగ్గర కూలబడి
"గుర్రం!" అని అరిచింది.
వెళ్ళి వంగి చూశాను.
గొర్రె.
నేనేం చెప్పలేదు.